మాయాబజార్ రుక్మిణి కూతురు

ప్రశ్నలు – జవాబులు

సినిమాల్లో పేరు తెచ్చుకుని, ఆ తర్వాత రాజకీయాల్లోకి వెళ్లిన నటీమణుల గురించి కిందటి సంచికలో ఒక ప్రశ్నకు జవాబిస్తూ, జయలలిత పేరు ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నాను. చెన్నై నుంచి, బెంగళూరు నుంచి, నెల్లూరు నుంచి వచ్చిన ఉత్తరాల్లో మందలింపే ఎక్కువగా ఉంది. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం ఆమెకే కేటాయించాను. ఒకే ప్రశ్నను నలుగురైదుగురు అడిగిన చోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాను; మిగిలినవారు అన్యథా భావించవద్దని మనవి.

జయలలిత తెలుగు సినిమాల్లో హీరోయిన్‌గా చేసిందంటే మా పిల్లలు నమ్మడం లేదు. వాళ్లు పుట్టి పెరిగింది ఇక్కడే. వాళ్లకు ఆమె ‘అమ్మ’గానే తెలుసు. ఆమెకు తెలుగు వచ్చా? మన వాళ్లతో ఆమెకు ఏపాటి సంబంధం ఉండేది?
— ఒక గృహిణి, వడపళని, చెన్నై

మీ పిల్లలకు ఆమె కంటే ముందు ఆమె తల్లిని చూపించండి. ‘మాయాబజార్’ ఎన్నోసారో ఇంట్లో పెట్టుకుని చూస్తున్నప్పుడు, ద్వారకలో కృష్ణుడి సరసన రుక్మిణిగా కనిపించే నటి పేరు సంధ్య. అసలు పేరు వేదవల్లి. 1957లో ఆ సినిమా విడుదలైన నాటికి ఆమె కూతురికి తొమ్మిదేళ్లు. తల్లి మద్రాసులో షూటింగులకు తిరుగుతూ ఉంటే, ఆ పిల్ల బెంగళూరులో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర ఉండి బిషప్ కాటన్ బాలికల పాఠశాలలో చదువుకునేది. ఆమె 1948 ఫిబ్రవరి 24న మేలుకోటలో, శ్రీరంగం మూలాలున్న అయ్యంగార్ల ఇంట పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు కోమలవల్లి. తండ్రి తండ్రి మైసూరు సంస్థానంలో వైద్యులు. తండ్రి జయరాం మాత్రం ఆమెకు ఊహ తెలిసీ తెలియని వయసులోనే పోయారు. పోయిన భర్త, ఇద్దరు పిల్లలు, అంతంత మాత్రపు ఆధారం — వేదవల్లి సంధ్యగా మారడానికి కారణాలు ఇంతకంటే వెతకనక్కరలేదు.

తర్వాత కూతురు మద్రాసు చేరి చర్చ్ పార్క్ కాన్వెంటులో మెట్రిక్ పూర్తి చేశారు. చదువులో ముందుండే పిల్ల, పై చదువుల మీద మోజు, స్టెల్లా మేరిస్ కాలేజీలో ప్రవేశం, ఇవన్నీ ఉండగానే ఇంటి అవసరం ఆమెను స్టూడియో గేటు లోపలికి పంపింది. 1964లో బి.ఆర్.పంతులు తీసిన కన్నడ చిత్రం ‘చిన్నద గొంబె’, 1965లో శ్రీధర్ తీసిన తమిళ చిత్రం ‘వెన్నిర ఆడై’, అదే ఏడాది తెలుగులో అక్కినేని సరసన ‘మనుషులు మమతలు’: పదిహేడేళ్లు నిండిన ఏడాదిలోనే మూడు భాషల ప్రేక్షకులకు ఆమె ముఖం తెలిసిపోయింది. ‘వెన్నిర ఆడై’కి సెన్సారు వారు ‘ఎ’ సర్టిఫికెట్ ఇవ్వడంతో, తాను నటించిన సినిమాను థియేటరులో చూసే వయసు ఆమెకే లేకపోయింది.

తెలుగులో ఆమె చేసినవి తక్కువేమీ కాదు. కృష్ణతో ‘గూఢచారి 116’, అక్కినేనితో ‘ఆస్తిపరులు’, ‘అదృష్టవంతులు’, ఎన్టీఆర్‌తో ‘గోపాలుడు భూపాలుడు’, ‘చిక్కడు దొరకడు’, ‘కథానాయకుడు’, ‘ఆలీబాబా 40 దొంగలు’, ఎన్టీఆర్, కృష్ణ ఇద్దరూ ఉన్న ‘దేవుడు చేసిన మనుషులు’ — జానపదమైనా, గూఢచారి కథ అయినా, ఇంటింటి కథ అయినా ఆమె పేరు కనిపిస్తుంది. నన్నడిగితే మీ పిల్లలకు చూపవలసింది ‘శ్రీకృష్ణ సత్య’. అందులో ఎన్టీఆర్ కృష్ణుడు, జయలలిత సత్యభామ. తెలుగులో ఉత్తమ నటిగా ఫిలింఫేర్ పురస్కారం ఆమెకు ఆ పాత్రకే వచ్చింది. దాని దర్శకుడు కె.వి.రెడ్డి, అది ఆయన చివరి చిత్రం. ‘మాయాబజార్’లో తల్లిని రుక్మిణిని చేసిన మనిషే, పోయే ముందు కూతురిని సత్యభామను చేసి వెళ్లారు. సవతులిద్దరూ తల్లీకూతుళ్లు కావడం మన పురాణాల్లో లేదు గాని మద్రాసు సినిమా స్టూడియోల పేట కోడంబాక్కంలో జరిగింది.

తెలుగు వచ్చా అంటే, వచ్చు. తమిళం, కన్నడం, తెలుగు, హిందీ, ఇంగ్లీషు భాషల్లో ఆమెకు ఏది అవసరమైతే అది పలికేది. షాటుకూ షాటుకూ మధ్య ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని ఒక మూల కూర్చునేవారని, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవారు కారని ఆనాటి సినిమా వాళ్లు పదే పదే చెప్పుకున్నారు.

ఇక సంబంధం మాట. ఎన్టీఆర్ మూడోసారి గెలిచి 1994 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఇక్కడ తమిళనాడులో జయలలిత ముఖ్యమంత్రి. ఆ తర్వాత దాదాపు తొమ్మిది నెలలపాటు, ఒకప్పటి కృష్ణుడూ సత్యభామా ఇరుగు పొరుగు రాష్ట్రాలను పరిపాలించారు. మద్రాసుకు కృష్ణా నీళ్లు తెచ్చే తెలుగు గంగకు 1983లో చేతులు కలిపింది అప్పటి ముఖ్యమంత్రులు ఎన్టీఆర్, ఎంజీఆర్. ఆ నీళ్లు ఈ ఊరు చేరింది మాత్రం 1996లో, అప్పటికి జయలలిత ఓడిపోయి ఇంట్లో ఉన్నారు. కొళాయి దగ్గర బిందెలు పట్టుకుని నిలబడిన తరం వాళ్లం కనుక ఆ సంవత్సరం నాకు బాగా గుర్తుంది.

ఎంజీఆర్ లేకపోతే జయలలిత లేదు, సినిమా మోజు వల్లనే జనం ఓట్లు వేశారు అని మా ఆఫీసులో ఒక పెద్దాయన ఖండితంగా అంటారు. మీరేమంటారు?
— ఒక బ్యాంకు ఉద్యోగి, తిరువొత్తియూరు

ఆ పెద్దాయన మాటలో మొదటి సగం కాదనను. ఎంజీఆర్‌తో 28 సినిమాలు చేసిన నటి ఆమె. 1965లో ‘ఆయిరత్తిల్ ఒరువన్’తో మొదలైన ఆ జంట 1973 దాకా సాగింది. 1982లో ఆమెను అన్నా డీఎంకేలోకి తీసుకొచ్చిందీ, కడలూరు మహానాడులో వేదిక ఎక్కించిందీ, 1983లో పార్టీ ప్రచార కార్యదర్శిని చేసిందీ, 1984లో రాజ్యసభకు పంపిందీ ఆయనే. రాజ్యసభలో ఆమెకు దక్కిన 185వ నంబరు స్థానం ఒకప్పుడు డీఎంకే స్థాపకుడు అన్నాదురై కూర్చున్నదని తమిళులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె ఇంగ్లీషు అక్కడ పనికొచ్చింది. కాన్వెంటు చదువు వృథా పోలేదన్నమాట.

అయితే తలుపు దాకా తీసుకొచ్చిన మనిషి 1987 డిసెంబరు 24న కన్నుమూశారు, ఆ తలుపును మిగిలినవాళ్లు ఆమె ముఖం మీదే వేశారు. రాజాజీ హాలులో ఎంజీఆర్ పార్థివ దేహం తల దగ్గర ఆమె రెండు రోజులు కదలకుండా నిలబడ్డారు. ఆ రోజు మౌంట్ రోడ్డు మీద వరుసలో నిలబడి లోపలికి వెళ్లినవాళ్లలో నేనూ ఒకడిని. మెట్లెక్కి లోపలికి వెళ్లాక మనిషికి రెండు మూడు క్షణాలకంటే నిలవనిచ్చేవారు కారు. వెనక నుంచి తోపుడు, పక్క నుంచి ఏడుపు. అంతటి గలాభాలో, చుట్టూ ఉన్నవాళ్లు కాళ్లు తొక్కుతున్నా, మోచేతులతో పొడుస్తున్నా పెదవి కదపకుండా నిలబడిన ఆ మనిషి ముఖం మాత్రం నా కళ్ల ముందు అలాగే ఉంది. మర్నాడు అంతిమయాత్ర శకటం ఎక్కబోతే ఆమెను అందరి ఎదుటా కిందికి తోసేశారు. ఆమె ఇంటికి వెళ్లిపోయారు. ఇక రాజకీయాలు ముగిసినట్టే అనుకున్నవాళ్లలో కూడా నేను ఒకడిని. పత్రికల్లో పనిచేసేవాడికి ఇంతకంటే చెడ్డ అంచనా ఉండదు.

ఎంజీఆర్ భార్య జానకి 1988 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ప్రభుత్వం 24 రోజులకే పోయింది. పార్టీ రెండు ముక్కలై, రెండాకుల గుర్తు ఎవరికీ లేకుండా పోయి, 1989 ఎన్నికల్లో జానకి వర్గం జంట పావురాల గుర్తు మీద, జయలలిత వర్గం కోడిపుంజు గుర్తు మీద పోటీ చేశాయి. మీ పెద్దాయనకు నేనిచ్చే జవాబు ఈ ఎన్నికల్లోనే ఉంది. జానకి కూడా ఒకప్పటి కథానాయికే, పైగా ధర్మపత్ని, పోటీ చేసింది ఎంజీఆర్ గెలిచిన ఆండిపట్టిలో. ఓడిపోయారు. ఆమె వర్గానికి ఒకటీ అరా తప్ప సీట్లు రాలేదు. ఆమెతో పొత్తు పెట్టుకుని తిరువయ్యారులో నిలబడ్డ శివాజీ గణేశన్ అంతటివాడు కూడా ఓడిపోయారు. జయలలిత బోడినాయకనూరులో గెలిచి, 27 స్థానాలు తెచ్చుకుని, తమిళనాడు శాసనసభలో తొలి మహిళా ప్రతిపక్ష నాయకురాలు అయ్యారు. సినిమా మోజు ఒక్కటే ఓట్లు తెచ్చేటట్టయితే ఆ ముగ్గురిలో అందరికంటే ఎక్కువ ఎవరికి రావాలో ఆలోచించండి.

ఆ ఏడాది మార్చి 25న బడ్జెటు రోజున సభలో పెద్ద గొడవ జరిగింది. తనను కొట్టారని, చీర లాగారని ఆమె అన్నారు. డీఎంకే వాళ్లు అదంతా నాటకమన్నారు. జుట్టు చెదిరి, చీర నలిగి ఆమె బయటికి వచ్చిన ఫొటో మాత్రం రాష్ట్రమంతా చూసింది. ముఖ్యమంత్రిగా తప్ప మళ్లీ ఆ సభలో అడుగు పెట్టనని ఆమె శపథం చేశారు. మనవాళ్లకు ద్రౌపది గుర్తుకు రావడం సహజమే. 1991లో కాంగ్రెస్ పొత్తుతో 234కు 225 స్థానాలు వచ్చాయి. మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగిన తర్వాతి ఎన్నికలవి కనుక అంతటి విజయాన్నీ ఆమె ఖాతాలోనే వేయడం న్యాయం కాదు. జూన్ 24న ఆమె ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

నా మాట చెప్పమంటే, ఆమెను పైకి తెచ్చిందీ కిందికి తోసిందీ ఒకటే, మనం సత్యభామ పంతం అంటామే, అది. 1987లో అది ఆమెను నిలబెట్టింది. 1999 ఏప్రిల్‌లో వాజపేయి ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరిస్తే ఆ ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది, దానివల్ల ఆమెకు ఒరిగింది లేదు. 2001 జూన్ 30 తెల్లవారుజామున వృద్ధుడైన డీఎంకే నాయకుడు కరుణానిధిని పోలీసులు ఇంట్లోంచి లాక్కెళ్లడం టీవీలో చూసినవాళ్లు, ఆయన పార్టీ వాళ్లు కాకపోయినా, నొచ్చుకున్నారు. 2003లో సమ్మె చేసిన లక్షన్నరకు పైగా ప్రభుత్వోద్యోగులను ఒక్క దెబ్బతో ఉద్యోగాల నుంచి తీసేశారు. 2004 లోక్‌సభ ఎన్నికల్లో రాష్ట్రంలో ఒక్క సీటూ రాలేదు. ఆ ఫలితాలు వచ్చిన వెంటనే, మత మార్పిడుల నిషేధ చట్టంతో సహా, తాను పట్టుబట్టి చేసిన పనులను వరసగా వెనక్కి తీసుకున్నారు. ఓటరు ముందు తప్ప ఆమె మరెవరి ముందూ తగ్గినట్టు నాకు కనిపించదు.

ఆస్తుల కేసులో జయలలిత నిర్దోషిగా బయటపడిందని నా స్నేహితుడు, శిక్ష ఖాయమైందని నేను పందెం వేసుకున్నాం. మా ఊరి కోర్టులోనే జరిగిన కేసు కదా, మీరు తీర్పు చెప్పండి.
— ఒక ఇంజనీరు, మల్లేశ్వరం, బెంగళూరు

పందెం ఇద్దరూ గెలవలేదు, ఇద్దరూ ఓడనూ లేదు. 1991 నుంచి 1996 వరకు నెలకు ఒక్క రూపాయి జీతం తీసుకున్న ముఖ్యమంత్రికి ఆదాయానికి మించి 66.65 కోట్ల ఆస్తులు ఎలా వచ్చాయన్నది కేసు. సోదాల్లో రాసుకున్న జాబితాలో పది వేలకు పైగా చీరలు, 750 జతల చెప్పులు ఉన్నాయన్న వార్తే జనానికి ఎక్కువగా గుర్తుండిపోయింది గాని, కేసు నడిచింది భూములు, భవనాలు, కంపెనీలు, బంగారం మీద. దానికి తోడు 1995లో ఆమె దత్తపుత్రుడికి చేసిన పెళ్లి. ఆ వైభవం చూసి ముక్కున వేలేసుకున్న జనమే మరుసటి ఏడాది ఆమెను సొంత నియోజకవర్గం బర్గూరులోనూ ఓడించి, పార్టీకి నాలుగు సీట్లు మిగిల్చారు.

ఆమె మళ్లీ అధికారంలోకి వచ్చాక, తమిళనాడులో విచారణ సవ్యంగా జరగదన్న డీఎంకే నాయకుడు అన్బళగన్ వాదనను అంగీకరించి సుప్రీంకోర్టు 2003లో కేసును బెంగళూరుకు మార్చింది. 2014 సెప్టెంబరు 27, శనివారం, పరప్పన అగ్రహార జైలు ఆవరణలో ఏర్పాటు చేసిన కోర్టులో న్యాయమూర్తి జాన్ మైకేల్ డికున్హా ఆమెకు నాలుగేళ్ల జైలు, 100 కోట్ల జరిమానా విధించారు. పదవిలో ఉండగా శిక్ష పడి పదవి పోగొట్టుకున్న తొలి ముఖ్యమంత్రి ఆమె. ఉదయం ముఖ్యమంత్రి హోదాలో మీ ఊరు వచ్చిన మనిషి, సాయంత్రానికి ఖైదీ. ఆ రోజు అత్తిబెలె దగ్గర బస్సులు ఆగిపోయి నడుచుకుంటూ హద్దు దాటిన తెలుగువాళ్లు మీ అపార్టుమెంటులోనే ఎవరో ఒకరు ఉంటారు.

అక్టోబరు 17న సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. 2015 మే 11న కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి సి.ఆర్.కుమారస్వామి ఆమెనూ, సహనిందితులు ముగ్గురినీ నిర్దోషులన్నారు. ఇక్కడే కథలో లెక్కల మాస్టారి పని పడింది. నిందితుల ఆదాయంలో అప్పులుగా చూపిన మొత్తాలను తీర్పులోని పట్టికలో కూడితే సుమారు పదిన్నర కోట్లు వస్తుంది. తీర్పు మాత్రం అది 24 కోట్లకు పైచిలుకు అని వేసుకుని, ఆదాయానికి మించిన ఆస్తి పది శాతం లోపే కనుక దోషం లేదంది. కూడిక తప్పిందని మర్నాటికల్లా పత్రికలన్నీ రాశాయి. కర్ణాటక ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును కొట్టేసి కింది కోర్టు తీర్పునే నిలబెట్టింది. సహనిందితులైన ఆమె స్నేహితురాలు శశికళ, శశికళ బంధువు ఇళవరసి, దత్తపుత్రుడు సుధాకరన్ జైలుకు వెళ్లారు. జయలలిత అప్పటికి రెండు నెలల కిందటే చనిపోయారు కనుక ఆమె మీద అప్పీలు అక్కడితో ఆగిపోయినట్టు ప్రకటించారు. అంటే, చనిపోయిన నాటికి కాగితం మీద ఆమె నిర్దోషి. ఆమెతో కలిసి చేశారన్న నేరానికి మిగిలిన ముగ్గురూ దోషులు. స్వాధీనం చేసుకున్న 27 కిలోలకు పైగా బంగారు నగలను బెంగళూరు కోర్టు 2025 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వానికి అప్పగించింది. పందెం డబ్బుతో ఇద్దరూ కలిసి దోసె తినేయండి.

తమిళం తప్పనిసరి చేసి మా తెలుగు బడులను దెబ్బ కొట్టింది జయలలితేనా?
— ఒక ఉపాధ్యాయిని, కొరుక్కుపేట

ఆ చట్టం వచ్చింది 2006లో, కరుణానిధి ముఖ్యమంత్రిగా ఉండగా. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో మెట్టు ఎక్కుతూ పదో తరగతికి చేరేసరికి ప్రభుత్వం జయలలితది. ఆమె దాన్ని రద్దు చేయలేదు. 2016లో పరీక్షల ముందు మన పిల్లలకు ఊరట దొరికింది హైకోర్టులో. మీ కొరుక్కుపేట ఉన్న ఆర్.కె.నగర్ నుంచే ఆమె 2015 ఉప ఎన్నికలోనూ, 2016లోనూ గెలిచారు కనుక మీకు ఆమె మీద కొంచెం ఎక్కువ కోపం ఉండడంలో తప్పు లేదు.

ఆమె ఆడది కాబట్టి ఆడవాళ్లకు ఏమైనా చేసిందా, లేక మగ నాయకుల్లాగే నడుపుకొచ్చిందా? కాలేజీలో చర్చకు కావాలి.
— ఒక విద్యార్థిని, అశోక్ నగర్, చెన్నై

అమ్మాయీ, చర్చలో ఎటువైపు మాట్లాడతావో రాయలేదు. రెండు వైపులా సరుకు ఉంది కనుక రెండూ ఇస్తున్నాను.

1992లో చెన్నై థౌజండ్ లైట్స్‌లో మహిళలే నడిపే పోలీస్ స్టేషన్ మొదలైంది; తర్వాత అలాంటివి రాష్ట్రమంతా వచ్చాయి. అదే ఏడాది సేలంలో ఉయ్యాల పథకం మొదలుపెట్టారు. ఆడపిల్ల పుట్టగానే ప్రాణం తీసే దురాచారం ఉన్న ఊళ్లలో, వద్దనుకున్న బిడ్డను చంపకుండా ప్రభుత్వం పెట్టిన ఉయ్యాలలో వదిలి వెళ్లండి, మేం పెంచుతామన్నారు. తల్లులను బిడ్డలను వదిలేయమంటారా అని విమర్శించినవాళ్లు ఉన్నారు. ఆ ఉయ్యాల వల్లనే బతికి పెద్దవాళ్లయిన ఆడపిల్లలూ ఉన్నారు. మిక్సీలు, గ్రైండర్లు ఉచితంగా పంచిన పథకాన్ని నవ్వులాటగా తీసుకోవద్దు. పొద్దున్నే రోట్లో పిండి రుబ్బిన చెయ్యి ఎవరిదో మీ అమ్మమ్మను అడుగు.

అన్నిటిలోకీ నాకు నచ్చింది అమ్మ ఉణవగం, అంటే చౌక భోజనశాల. 2013 ఫిబ్రవరి 19న శాంథోమ్‌లో మొదటిది తెరిచారు. ఇడ్లీ రూపాయి, పొంగలి అయిదు, సాంబారన్నం అయిదు, పెరుగన్నం మూడు. మా వీధి చివర ఒకటి పెట్టినప్పుడు, చూసొద్దామని ఒకరోజు పొద్దున ఏడింటికి వెళ్లాను. ముందు టోకెన్ తీసుకోవాలి. నా ముందు కార్పొరేషన్ పారిశుద్ధ్య కార్మికురాలు, ఆమె ముందు ఒక ఆటో డ్రైవరు, వెనక టక్ చేసుకుని టై కట్టుకున్న మెడికల్ రెప్రజెంటేటివ్ కుర్రాడు. వండేదీ వడ్డించేదీ అంతా స్వయం సహాయక బృందాల ఆడవాళ్లు. కూర్చోవడానికి కుర్చీ లేదు, నిలబడి తినే బల్లలు. సాంబారు నీళ్లగా ఉందని గొణిగితే, కార్మికురాలు నా వైపు చూసి, ‘రూపాయికి ఇంకేం కావాలి సామీ’ అంది, తెలుగులోనే. ఆమెది నెల్లూరు జిల్లా వైపట. ఆ తర్వాత బెంగళూరులో ఇందిరా క్యాంటీన్లు, ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు వచ్చాయి.

ఇక రెండో వైపు. మద్యం దుకాణాల చిల్లర వ్యాపారాన్ని 2003లో ప్రభుత్వం చేతికి తీసుకున్నది ఆమె పాలనలోనే. పెళ్లాం చేతికి మిక్సీ ఇచ్చి మొగుడి చేతికి సీసా అమ్మిన ప్రభుత్వమని ప్రత్యర్థులు అన్నమాటలో పస లేకపోలేదు. 2016 మే 23న తిరిగి ప్రమాణం చేసినరోజే 500 దుకాణాలు మూసేయమని సంతకం చేశారు. అంటే ఆ మాట ఆమె చెవిదాకా వెళ్లిందన్నమాట. పార్టీలో తన తర్వాత నిలబడగల ఒక్క స్త్రీని కూడా తయారు చేయలేదు. నీళ్ల సీసా మీద, ఉప్పు పొట్లం మీద, సిమెంటు బస్తా మీద కూడా ‘అమ్మ’ పేరే. ఆమె కారు కదిలితే అరవై ఏళ్లు దాటిన మంత్రులు రోడ్డు మీద సాష్టాంగపడేవారు. ‘మగవాళ్ల చేత మొక్కించుకుంది’ అని మురిసిపోయిన ఆడవాళ్లను నేను ఎరుగుదును. ఎవరు ఎవరి కాళ్ల మీద పడినా నాకు మాత్రం చూడబుద్ధి కాదు.

శ్రీవైష్ణవ కుటుంబంలో పుట్టిన మనిషిని దహనం చేయకుండా పూడ్చిపెట్టడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఎందుకలా చేశారు?
— ఒక విశ్రాంత ఉద్యోగి, టి.నగర్

2016 సెప్టెంబరు 22న ఆసుపత్రిలో చేరిన ఆమె డిసెంబరు 5న రాత్రి చనిపోయినట్టు ప్రకటించారు. మర్నాడు రాజాజీ హాలులోనే, 29 ఏళ్ల కిందట తాను నిలబడిన చోటే, ఆమె దేహాన్ని ఉంచారు. సాయంత్రం మెరీనాలో ఎంజీఆర్ సమాధి పక్కన చందనపు పేటికలో ఖననం చేశారు. ద్రావిడ ఉద్యమ నాయకులు పుట్టిన కులాల ఆచారాలకు కట్టుబడలేదు: పెరియార్, అన్నాదురై, ఎంజీఆర్ అందరినీ పూడ్చారు. సమాధి ఉంటేనే జనం వచ్చి పువ్వులు పెట్టగలరు, పార్టీవాళ్లు వచ్చి ప్రమాణాలు చేయగలరు. జయలలిత దేవుడికి దండం పెట్టి, కుంకుమ పెట్టుకుని తిరిగిన మనిషే అయినా, ఆ వరసలో నాయకురాలిగానే పోయారు. మీ బాధ నాకు అర్థమవుతుంది. కాకపోతే ఆమెకు కర్మకాండ చేయవలసిన బంధువుల కంటే ఓటర్లే ఎక్కువ.

సంక్రాంతి సెలవులకు పిల్లలతో చెన్నై వస్తున్నాం. జయలలిత ఇల్లు లోపలికి వెళ్లి చూడవచ్చా?
— ఒక దంపతులు, నెల్లూరు

వీలుపడదు. పోయెస్ గార్డెన్‌లోని ఆ ఇంటికి తల్లి పేరు మీద ‘వేద నిలయం’ అని పేరు. దాన్ని స్మారక మందిరం చేయాలని అప్పటి ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది గాని, 2021 నవంబరులో మద్రాసు హైకోర్టు ఆ స్వాధీనాన్ని కొట్టేసి, ఆమె అన్న పిల్లలైన దీప, దీపక్‌లకే ఇంటిని అప్పగించమంది. కనుక అది ఇప్పుడు ప్రైవేటు ఇల్లు; గేటు బయట నిలబడి చూసి రావలసిందే, ఎక్కువసేపు నిలబడితే ఆ వీధిలో కాపలావాళ్లు అడుగుతారు కూడా.

మెరీనాలో సమాధి మాత్రం అందరికీ తెరిచే ఉంటుంది. రెక్కలు విప్పిన ఫీనిక్స్ పక్షి ఆకారంలో కట్టిన ఆ కట్టడాన్ని 2021 జనవరి 27న ప్రారంభించారు. శిక్ష పూర్తి చేసుకుని శశికళ విడుదలైందీ ఆ రోజే. సెంట్రల్ స్టేషన్‌లో దిగి, రోడ్డు దాటి పార్క్ టౌన్‌లో లోకల్ రైలు ఎక్కి చేపాక్‌లో దిగితే అక్కడి నుంచి నడిచిపోవచ్చు. కాణుం పొంగల్ నాడు, అంటే మన ముక్కనుమ రోజున, బీచి అంతా ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. పిల్లలు చిన్నవాళ్లయితే ఆ ఒక్క రోజు తప్పించి రండి.